పువ్వు లేని కాడకు రకం పేరు: వెలికొండ కుందేటి కొమ్ముల కేసు

మొక్కలు గుర్తించే మా దగ్గరికి మే నెలాఖరులో మూడు గోనెసంచుల కుందేటి కొమ్ములు వచ్చాయి. మూడింటి మీదా నల్ల మార్కరుతో ఒకటే పేరు: కారల్లుమా ఫింబ్రియేటా. లోపల నాలుగు పలకల పచ్చికాడలు, సగం వాడినవి. ఒక్క పువ్వు లేదు, ఒక్క కాయ లేదు. పంపిన వ్యాపారికి కావలసింది ఒకే ఒక్క కాగితం, 'ఇది ఫింబ్రియేటానే' అని.

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు, వెలికొండ అంచు ఊళ్లలో మూలికలు కొని పైకి పంపే చిన్న వ్యాపారం అది. ఊరి పేరు, వ్యాపారి వివరాలు, సరుకు కొనే సంస్థ, మొక్కలు దొరికిన బండల ఆనవాళ్లు ఇక్కడ రాయడం లేదు. ఆఖరిది కావాలనే వదిలేశాం. చోటు తెలిస్తే అక్కడ మొక్క మిగలదు.

నేపథ్యం

కుందేటి కొమ్ములు మెట్ట ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. రాతి గుట్టల మీద, బండ పగుళ్లలో, ముళ్లపొదల మొదట్లో దుబ్బులుగా లేస్తాయి. గొర్రెలు మేపేవాళ్లు పచ్చివే విరుచుకుని నములుతారు. ఇళ్లలో పచ్చడి చేస్తారు. ఆకులు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. అవీ త్వరగా రాలిపోయి, కాడ అంచుల వెంట రంపపు పళ్లలాంటి గుర్తులు మిగులుతాయి. గిచ్చితే నీళ్లలాంటి రసం వస్తుంది, పాలు రావు. జిల్లేడు కుటుంబంలో పుట్టి పాలు లేకపోవడం కాస్త విడ్డూరమే గానీ, కాడజెముడు ముక్క సంచిలో కలిస్తే పట్టించేది ఈ గుర్తే. నల్లేరు కలిస్తే ఇంకా సులువు: దానికి కణుపు కణుపుకీ నొక్కు ఉంటుంది, నులితీగలు ఉంటాయి.

పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఈ కేసులో సగం చిక్కు అక్కడే ఉంది. కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ 1795లో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దీనికి స్టాపేలియా అడ్సెండెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగువాళ్లు దీన్ని 'కార్ అల్లం' అంటారని కూడా రాసుకున్నాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ ఆ తెలుగు మాటనే తీసుకుని కారల్లుమా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, కట్టాడు. అంటే ఇవాళ సీసాల మీద, డబ్బాల మీద లాటిన్‌లా కనిపించే ఆ మాట మన గుట్టల మీద నుంచి వెళ్లిందే. వాలిచ్ వర్ణించిన ఫింబ్రియేటా, వైట్ వర్ణించిన అటెన్యుయేటా మొదట్లో వేర్వేరు జాతులు. 1931లో మద్రాస్ మ్యూజియం తరఫున గ్రేవ్లీ, మయూరనాథన్ వాటిని అడ్సెండెన్స్ కింద రకాలుగా, అంటే ఒకే జాతిలోని చిన్న విభాగాలుగా, సర్దారు. 2017లో బ్రూయిన్స్ బృందం మొత్తం కారల్లుమానే సెరోపీజియా అనే మరో ప్రజాతిలో కలిపేసింది. అందరూ దాన్ని ఒప్పుకోలేదు. ఫలితంగా ఒకే కాడకు ఒక హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) ఒక పేరు, మరోచోట ఇంకో పేరు కనిపిస్తుంది.

వ్యాపారంలో మాత్రం బరువు తగ్గించే సరుకుగా 'ఫింబ్రియేటా' అనే మాటే స్థిరపడింది. కొనుగోలు ఆర్డరులో ఉన్నదీ అదే. కొండ ఎక్కి కోసేవాళ్లకు అన్నీ కుందేటి కొమ్ములే. మధ్యలో ఉన్న వ్యాపారి ఆర్డరులోని పేరు చూసి సంచి మీద రాశాడు. ఇందులో మోసం లేదు. గుర్తించడం అనే పని ఎవరి వంతుకూ రాలేదు, అంతే.

చిక్కు

వచ్చిన ప్రశ్నను ముందుగా మూడుగా విడదీశాం. ఇవి కుందేటి కొమ్ములేనా? అయితే ఏ జాతి? ఆ జాతిలో ఏ రకం? మూడింటికీ సాక్ష్యం ఒకచోట దొరకదు. మొదటిదానికి కాడ చాలు. రెండోదానికి కాడ కొస కావాలి. మూడోదానికి తాజా పువ్వు కావాలి. చేతిలో ఉన్నవి కాడలే కాబట్టి మూడో ప్రశ్నకు ఆ రోజు జవాబు ఉండదని మొదటి గంటలోనే తెలుసు. అయినా మూడు నెలలు ఇతర దారులు వెతికాం. ఎందుకంటే సరుకు మేలో ఉంది, పువ్వు వానల్లో వస్తుంది.

ఒక్కో సంచినీ టార్పాలిన్ మీద గుమ్మరించి, పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పదేసి కాడలు తీశాం. పైన ఉన్నవే చూస్తే పొరబడతాం. నింపేటప్పుడు మంచి కాడలు పైకి సర్దడం అన్ని మూలికల సంచుల్లోనూ ఉన్నదే.

రెండో సంచి అడుగున తేడా బయటపడింది. కాడలు మిగతావాటికంటే బాగా లావు, కొస మొద్దుగా ఉంది. కొసన ఎండిన పూకాడల తొడిమలు ఒకే చోట గుత్తుగా అంటుకుని ఉన్నాయి. మిగతా కాడల కొస సన్నబడుతూ పోయింది, పూలు రాలిన మచ్చలు ఆ సన్నని భాగం పొడవునా ఒక్కొక్కటిగా ఉన్నాయి. లావు కాడలవి అంబెల్లేటా అనే వేరే జాతి. ఈ జాతిలో పూలన్నీ కొసన గొడుగులా ఒకే గుత్తిగా పూస్తాయి. అడ్సెండెన్స్ గుంపులో కొస వెంట విడివిడిగా పూస్తాయి. పువ్వు లేకపోయినా పువ్వు కూర్చున్న చోటు కాడ మీద రాసి ఉంటుంది. సరుకు కోసేవాళ్లకు నేర్పాల్సిన గుర్తు ఏదైనా ఒక్కటి చెప్పమంటే ఇదే చెబుతాం. అందుకే కొస తెగిపోయిన కాడ మాకు పనికిరాదు. కోసేవాళ్లు మాత్రం ఎండి ఉందని ఆ కొసనే ముందు తుంచి పారేస్తారు.

అంబెల్లేటాను పక్కకు తీశాక మిగిలినదంతా 'అడ్సెండెన్స్ గుంపు' అనుకోవడానికి ఒక అడ్డు ఉంది. స్టాలాగ్మిఫెరా అనే ఇంకో కారల్లుమా జాతి కాడ కూడా సన్ననే. దాని పువ్వు చాలా చిన్నది, చూస్తే ఎవరూ పొరబడరు. పువ్వు లేకపోతే ఎవరైనా పొరబడతారు. కాబట్టి జాతి దగ్గర కూడా మొదటి నివేదికలో 'బహుశా' అనే మాట ఉంచాల్సి వచ్చింది. వ్యాపారికి ఆ మాట నచ్చలేదు.

పనిచేయనివి

మొదట ప్రయత్నించింది కాడ లావు. సన్నకాడది ఒక రకం, లావుకాడది ఇంకొకటి అని కోసేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. వెర్నియర్‌తో కాడ సగం ఎత్తు దగ్గర పలక నుంచి పలకకు ఒకసారి, మూల నుంచి మూలకు ఒకసారి కొలిచాం. ఈ రెండు కొలతలనూ కలిపేయకూడదు. పలకలు లోపలికి గుంట పడిన కాడకు మూలకొలత ఎక్కువగా, పలకకొలత తక్కువగా వస్తుంది, ఆ గుంటకు కారణం ఎండ. కొలతలు గీసి చూస్తే రెండు గుంపులుగా విడిపోయినట్టే కనిపించింది. రెండు వారాలు దాన్నే నమ్మాం.

కాడలు కోసిన చోటికి వెళ్లినప్పుడు గొర్రెలు మేపే ఒక పెద్దాయన ఆ గీతల సంగతి విని నవ్వాడు. "ఎండలో లేసింది సన్నం సార్, బండ నీడన లేసింది లావు. రెండూ ఒక దుబ్బే. నేనే కోశా గదా." బండ చుట్టూ తిరిగి చూపించాడు. దుబ్బు సగం బండకు దక్షిణాన ఎండలోకి, సగం పగులు లోపలికి పాకింది. ఎండవైపు కాడ ఊదారంగు తిరిగి సన్నగా, పళ్లు మొనదేలి ఉంది. నీడవైపుది ఆకుపచ్చగా, ఉబ్బుగా ఉంది. రెండు గుంపులుగా మేం విడదీసింది ఎండనూ నీడనూ. కాడ రంగును కూడా అక్కడే వదిలేశాం.

చేదు తేడా గురించి కూడా కొందరు చెప్పారు. రుచితో రకం తేల్చే ఆలోచన మొదటే పక్కన పెట్టాం. ముదురు లేత తేడా, వాన పడిన వారం, ఎండిన వారం, ఇవన్నీ నాలుకకు తెలుస్తాయి. రకమే తెలియదు.

తర్వాత పొడి. ఎండబెట్టి నూరిన పొడిని సూక్ష్మదర్శిని కింద చూస్తే పిండిలాంటి పదార్థాలు, జెముడు ముక్కలు, నల్లేరు కలిశాయా లేదా చెప్పవచ్చు. అంతవరకు అది మంచి పరీక్ష. రకాల తేడా అంతా పువ్వులో ఉన్నప్పుడు కాడ పొడిలో దాన్ని వెతకడం, వడ్ల పొట్టు చూసి అన్నం రుచి చెప్పబోవడమే. ఈ కాడల్లో ఉండే ప్రెగ్నేన్ గ్లైకోసైడ్లు అనే రసాయనాల పరీక్ష కూడా ఇలాంటిదే. కొనే సంస్థ దాన్ని నాణ్యత కోసం అడుగుతుంది, అడగాలి కూడా. ఆ పదార్థం ఎంత ఉందో చెప్పే అంకె మొక్క పేరు చెప్పదు. కోసిన కాలం, కాడ వయసు మారితే ఆ అంకే మారుతుంది.

డీఎన్ఏ పరీక్ష చేయిద్దామా అని వ్యాపారే అడిగాడు. వద్దన్నాం. ఖర్చు ఒక కారణం, పెద్దది కాదు. మామూలుగా చదివించే డీఎన్ఏ భాగాలు జాతిని జాతి నుంచి వేరు చేయడానికి ఎంచుకున్నవి. ఒకే జాతిలోని రకాలను అవి విడదీస్తాయన్న భరోసా లేదు. పోల్చడానికి పువ్వుతో సహా గుర్తించి భద్రపరిచిన నమూనా ఉండాలి. అది ఉండాలంటే ముందు మనం పువ్వు చూడాలి. చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే.

కుండీల ప్రయత్నం సగం విఫలం. మూడు సంచుల నుంచి ఎనిమిదేసి కాడలు, మొత్తం ఇరవై నాలుగు. 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు కోసి, కోత ఎండి పక్కు కట్టేదాకా వారం రోజులు నీడన ఉంచాం. ఎర్రమట్టి, ముతక ఇసుక, సన్న కంకర సమపాళ్లలో కలిపి ఆరంగుళాల మట్టికుండీల్లో 2 సెంటీమీటర్ల లోతు నాటాం. వేలు పెడితే లోపల పొడిగా తగిలినప్పుడే నీళ్లు. వేళ్లు బాగానే పట్టాయి. అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన వదలలేదు. ఆరుబయట ఉన్న కుండీల్లో కాడలు మొదలు దగ్గర గాజులా మారి, తెల్లారేసరికి మెత్తబడి పడిపోయాయి. రేకుల కింద ఉన్నవి బతికాయి కానీ ఆ ఏడు పూయలేదు. ఈ జిల్లాలో వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, అదీ ఒక్కసారిగా. బండ మీద మొక్క దాన్ని తట్టుకునేది నీళ్లు నిమిషంలో జారిపోతాయి కాబట్టి. కుండీ అడుగున ఒక్క చిల్లు ఉంటే జారవు. మూడు చిల్లులు, పైన రేకు, గాలాడే చోటు ఉండి తీరాలి.

పనిచేసింది

ఆగస్టులోనే దారి మార్చాం. సంచిలోని కాడను వదిలి, ఆ కాడ కోసిన దుబ్బును పట్టుకున్నాం. కోసేవాళ్లను వెంట తీసుకుని, 'మొదటి సంచి ఏ వాలుది, రెండోది ఏ వాలుది' అని చూపించమన్నాం. కోసిన దుబ్బు ఊరికే తెలుస్తుంది, తెగిన మొదళ్లు ఎండి తెల్లబడి ఉంటాయి. ఒక్కో వాలులో పది దుబ్బులకు నంబరు వేశాం.

నంబరు బిళ్లను కాడకు కట్టకూడదు. మేకలు కాడతో సహా తింటాయి. అల్యూమినియం బిళ్ల మీద మేకుతో అంకె నొక్కి, పక్క పొద మొదట్లో తీగతో కట్టాం. బండ మీద అదే అంకె పెయింటుతో వేశాం. ఫోను జీపీఎస్ ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఐదు మీటర్లలో మూడు దుబ్బులుంటే అది పనికిరాదు. అందుకే ప్రతి దుబ్బుకూ రెండు ఫొటోలు, ఒకటి దూరం నుంచి బండ ఆకారం తెలిసేలా, ఒకటి దగ్గర నుంచి బిళ్ల కనబడేలా. వాలు దిక్కు, నీడ, రాతి రకం పక్కన రాసుకున్నాం.

తొలిపూలు ఆగస్టు చివరి జల్లుల తర్వాత కనిపించాయి. ఎక్కువ పూసింది అక్టోబరు, నవంబరుల్లో. ప్రతి దుబ్బు నుంచి కనీసం మూడు పూలు, ఆ రోజే విచ్చినవి, ఉదయం తొమ్మిదిలోపు చూడాలని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం ఎందుకో ఒక దుబ్బు దగ్గర తెలిసింది.

మూడో సంచి కోసిన తూర్పు వాలులో పదకొండో నంబరు. పొద్దున విచ్చిన పువ్వు తల వంచుకుని ఉంది. 10 ఎక్స్ చేతి భూతద్దం కంటికి ఆనించి, పువ్వునే దగ్గరికి తెచ్చి చూస్తే, లేతపసుపు రేకుల మీద ఊదా చారలు. రేకు అంచు పొడవునా ఊదా వెంట్రుకలు కుచ్చు కట్టి ఉన్నాయి. ఒక్కో వెంట్రుక మొన దగ్గర కాస్త ఉబ్బి గదలా ఉంది, మొదలు సన్నం. ఊపిరి తగిలితే చాలు, కుచ్చంతా వణికింది. లాటిన్‌లో ఫింబ్రియేటా అంటే కుచ్చులు ఉన్నది అనే. మధ్యాహ్నం ఒక జల్లు పడింది, ఈగలు తిరిగాయి. మర్నాడు అదే పువ్వును చూస్తే మూడు రేకుల అంచు దాదాపు నున్నగా ఉంది. మిగిలిన వెంట్రుకలు తడిసి రేకుకు అంటుకుపోయాయి. మర్నాడే మొదటిసారి చూసి ఉంటే దాన్ని అటెన్యుయేటా అని రాసేవాళ్లం.

అటెన్యుయేటా అంటే సాగదీసి సన్నబరచినది. దాని రేకు మొదలు నుంచే సన్నబడుతూ పోయి పొడుగాటి మొనగా ముగుస్తుంది. రంగు ముదురు. చెప్పడానికి సులువుగానే ఉంది. కొండ మీద మాత్రం రేకు పొడుగ్గా ఉండి అంచున నాలుగైదు వెంట్రుకలు ఉన్న పూలు కూడా దొరికాయి. అందుకే 'వెంట్రుక ఉందా లేదా' అన్న ప్రశ్నను కొట్టేసి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. వెంట్రుకలు అంచు పొడవునా వరుస కట్టాయా, అక్కడక్కడా ఉన్నాయా? రేకు వెడల్పు మొదట్లో, మధ్యలో, మొనకు ఒక మిల్లీమీటరు కింద ఎంతెంత? పువ్వు తల వంచిందా, పక్కకు చూస్తోందా, పైకి చూస్తోందా? మూడు జవాబులూ ఒకే వైపు మొగ్గితేనే రకం పేరు. రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు ఉంటే జాతి పేరు దగ్గరే ఆగాలి. ఒకే దుబ్బులో మూడు పూలు మూడు రకాలుగా చెబితే ఆ దుబ్బు 'తేలలేదు' వరుసలోకి.

ఇంత కఠినంగా ఎందుకంటే రకం అనేది జాతిలా గట్టి గోడ కాదు. ఒకే వాలులో పక్కపక్కనే పూసినప్పుడు ఈగ ఈ పువ్వు నుంచి ఆ పువ్వుకు పుప్పొడి ముద్దలు మోయదని ఎవరు చెప్పగలరు? జిల్లేడు కుటుంబంలో పుప్పొడి పొడిగా రాలదు, జంట ముద్దలుగా ఈగ కాలికో మూతికో తగులుకుని పోతుంది. మధ్యరకం పూలు కనిపించినప్పుడు బలవంతంగా ఒక గడిలోకి తోస్తే మన పట్టిక అందంగా ఉంటుంది, తప్పుగా కూడా ఉంటుంది.

పువ్వు నడిమి కిరీటాన్ని కూడా చూశాం. కండగల రెండు వరుసలు, బయటిది కప్పులా, లోపలివి పుప్పొడి తిత్తుల మీదికి వాలి. జాతిని నిర్ధారించుకోవడానికి, స్టాలాగ్మిఫెరా కాదని తేల్చుకోవడానికి అది బాగా పనికొచ్చింది. రకాల మధ్య దాని మీద ఆధారపడలేదు. చేతి భూతద్దం కింద కనిపించే తేడాలు ఒకే దుబ్బులోని పూల మధ్య కూడా కనిపించాయి.

నమూనా భద్రపరచడం

ఈ మొక్కను మామూలుగా కాగితాల మధ్య పెట్టి నొక్కితే చావదు. వారం తర్వాత విప్పితే కాడ కొత్త కొస వేసి ఉంటుంది, పూలన్నీ రాలి కాగితం మీద ఊదా మరకలుగా మిగులుతాయి. కాడను నిలువునా చీల్చి, లోపలి గుజ్జును చెంచాతో గీకి తీసి, ముక్కను మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి అప్పుడు నొక్కాలి. కాగితాలు మొదటి వారం రోజూ మార్చాలి, తర్వాత రోజు విడిచి రోజు.

పువ్వు మాత్రం నొక్కొద్దు. వెంట్రుకలు రేకుకు అంటుకుంటే మన సాక్ష్యమే పోతుంది. మూతగట్టి చిన్న సీసాలో 70 శాతం స్పిరిట్ పోసి అందులో పువ్వు వేయాలి. సీసాలో చీటీ కూడా వేయాలి, పెన్సిలుతో రాసింది. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగి చీటీ తెల్లబడుతుంది. అలా ఆరు సీసాలు ఈ కేసులోనే పోయాయి. స్పిరిట్‌లో రంగు గంటల్లో పోతుంది కనుక ముందే ఫొటోలు: ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి. పక్కన స్కేలు, వెనక నల్లగుడ్డ. వెంట్రుకలు కనబడాలంటే వెలుతురు పువ్వు వెనకనుంచి రావాలి. ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలో కుచ్చు ఉన్న పువ్వు కూడా నున్నగానే కనిపిస్తుంది. ఫోనులో పంపే ఫొటోలు చూసి రకం చెప్పమని అడిగేవాళ్లకు మేం మొదట అడిగేది ఇదే, వెలుతురు ఎటునుంచి పడింది అని.

తేలింది

ముప్పై దుబ్బుల్లో పూసినవి ఇరవై ఆరు. మొదటి సంచి వాలులో పూసినవన్నీ అటెన్యుయేటా వైపే మొగ్గాయి. రెండో వాలులో అంబెల్లేటా, అటెన్యుయేటా కలిసి ఉన్నాయి. ఫింబ్రియేటా అని మూడు గుర్తులతోనూ నిలబడినవి మూడో వాలులోని నాలుగు దుబ్బులే. మిగతావి 'తేలలేదు' వరుసలో ఉన్నాయి. సంచి మీద రాసిన పేరుకు న్యాయం చేసేంత సరుకు ఆ నాలుగు దుబ్బుల్లో లేదు. ఉన్నా కోయొద్దని చెప్పాం.

ధ్రువీకరణ ఇవ్వలేదు. బదులుగా వ్యాపారి కొనే సంస్థకు పంపుకోగలిగేలా ఒక నివేదిక ఇచ్చాం. సరుకు 'కారల్లుమా అడ్సెండెన్స్, విశాలార్థంలో' (అంటే దాని రకాలన్నీ కలిపి) అని, రకం తేలినంతవరకు ఎక్కువగా అటెన్యుయేటా అని, రెండో సంచిలో అంబెల్లేటా కలిసిందని, నమూనాల నంబర్లు ఇవని. మొదటి సంచి ఆ పేరుతోనే వేరే ధరకు పోయింది. రెండోదాన్ని కొస చూసి ఏరి వేరు చేశారు, ఇద్దరు మనుషులకు ఒకటిన్నర రోజు పట్టింది. మూడోది వెనక్కి వచ్చింది. వ్యాపారికి నష్టమే. అయినా తప్పు పేరుతో వెళ్లి ఉంటే నష్టం తర్వాతి ఏడు వచ్చేది, పెద్దదిగా.

కోసేవాళ్లతో ఒప్పందం మారింది. ప్రతి కట్టలో కొస ఉన్న కాడలు కనీసం పది ఉండాలి. వాలు మారితే సంచి మారాలి. పదునైన కత్తితో కోయాలి, మొదలు దగ్గర మూడంగుళాలు వదలాలి, దుబ్బు పెకలించకూడదు. ఒక్క దుబ్బులో మూడో వంతుకు మించి కోయకూడదు. కాయలు పగిలి దూదిపింజెల గింజలు ఎగిరిపోయేదాకా ఆ దుబ్బు జోలికి వెళ్లకూడదు. రిజర్వు అడవి హద్దులో అటవీశాఖ అనుమతి లేకుండా కోయకూడదు. వాణిజ్యానికి తీసుకునేవాళ్లు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలపాల్సిన సంగతి కూడా వ్యాపారికి అప్పుడే తెలిసింది. ఈ చివరి రెండూ మొదటి రోజే అడిగి ఉండాల్సింది మేమే. గుర్తింపు పనిలో మునిగి అడగలేదు.

ఇప్పుడు సంచి మీద చీటీ ఇలా ఉంటుంది: ఊరిపేరు 'కుందేటి కొమ్ములు'. వాలు నంబరు. కోసిన తేదీ. కోసినప్పుడు పువ్వు ఉందా లేదా. శాస్త్రనామం దగ్గర జాతి వరకే అచ్చువేసి ఉంటుంది. రకం గడి ఖాళీ. పువ్వు చూసిన మనిషి మాత్రమే దాన్ని పెన్సిలుతో నింపి, పక్కన సీసా నంబరు వేయాలి. పూయని నాలుగు దుబ్బుల బిళ్లలు పొదలకే ఉన్నాయి. పదిహేడో నంబరు బిళ్ల తీగ తుప్పు పట్టింది, వానలకు ముందు మార్చాలి.